గేటు మీది బోర్డును బట్టి పరిహారమా?

ప్రభుత్వ రంగ సంస్థల విభాగం కార్యదర్శి గారికి, కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ, న్యూఢిల్లీ.
కార్మిక శాఖ ముఖ్య కార్యదర్శి గారికి, తెలంగాణ ప్రభుత్వం, హైదరాబాద్.

అయ్యా,

హనుమకొండ నుంచి రాస్తున్నాను. ఒక ప్రభుత్వ రంగ కర్మాగారంలో టైమాఫీసు గుమస్తాగా చేరి, తర్వాత జీతాల సెక్షన్‌కు మారి, ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు అందరితో పాటు సెటిల్‌మెంట్ తీసుకుని బయటికొచ్చినవాణ్ని. దాని పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది ఒక్క ఫ్యాక్టరీ పంచాయితీ అయిపోతుంది, ఆ ఫైలు ఎప్పుడో ముగిసిందని మీరు రెండు లైన్ల జవాబిచ్చి ఊరుకుంటారు. ముగిసిన ఫైలు తిరగదోడమని నేను అడగడం లేదు. రిటైర్మెంట్ వయసు రాకముందే కొలువు పోయిన ప్రభుత్వ రంగ కార్మికుడికి ఎంత ముట్టాలన్నది మన దగ్గర హక్కుగా రాసిపెట్టి లేదు. చట్టంలో ఉన్నది ఓ పిసరు. ఆ పైన నడిచేదంతా ఆఫీసు మెమోల మీదే. ఆ మెమో ఎవరికి వర్తిస్తుంది, ఎవరికి వర్తించదు అన్నది కార్మికుడు చేసిన చాకిరీని బట్టి తేలదు. అతను రోజూ లోపలికి పోయిన గేటు మీద ఏ బోర్డు వేలాడుతోందో దాన్ని బట్టి తేలుతుంది. దీన్ని చాలావరకు సరిచేయడానికి పార్లమెంటు దాకా పోనక్కర్లేదు, మీ ఇద్దరి సంతకాలు చాలు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

మా దిక్కున ఆ బోర్డులన్నీ ఒక్క రోజు బస్సు ప్రయాణంలో కనబడతాయి.

వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు. 1934లో నిజాం కాలంలో పెట్టారు. 1974లో నష్టాల్లో ఉన్న బట్టల మిల్లులను జాతీయం చేశాక నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ కింద నడిచింది. మిల్లు సైరన్ వినే వంట మొదలుపెట్టిన ఇళ్లు, సైరన్ వినే పిల్లలను బడికి తోలిన ఇళ్లు మా ఊళ్లో చాలా ఉండేవి. మిల్లు పోయింది, మగ్గాలు పోయాయి, జాగ మిగిలింది. ఆ జాగలో కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) వాళ్ల 'ఓ సిటీ' అనే ప్లాట్ల కాలనీ వెలిసింది. అక్కడ గజం ధర ఎంత పలుకుతోందో వరంగల్ వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. మిల్లులో చేసి దిగిన కార్మికులేమో ఇంటి జాగ కోసం కాగితాలు పట్టుకుని ఏళ్ల తరబడి కలెక్టరేట్ చుట్టూ తిరిగారు. భూమి విలువ ఏటేటా పెరిగింది. దాని మీద బతుకు వెళ్లదీసినవాడి పరిహారం మాత్రం చివరి నెల బేసిక్ దగ్గరే ఆగిపోయింది.

అక్కణ్నుంచి రామగుండం. ఫెర్టిలైజర్ కార్పొరేషన్ వాళ్ల బొగ్గు ఆధారిత యూరియా ఫ్యాక్టరీ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 1999 మార్చి 31న ఆగిపోయింది. 2002లో కేంద్రం మూసివేత నిర్ణయం తీసుకుని ఉద్యోగులందరికీ వాలంటరీ సెపరేషన్ స్కీం పెట్టింది. 2015లో రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ పేరుతో కొత్త కంపెనీ పుట్టింది. 2021 మార్చిలో గ్యాస్ మీద యూరియా తీయడం మొదలైంది. 2022 నవంబర్ 12న ప్రధాని వచ్చి జాతికి అంకితం చేశారు. ఫ్యాక్టరీ మళ్లీ నడవడం మాకందరికీ సంతోషమే, అందులో రెండో మాట లేదు. కానీ 1999లో నలభై ఏళ్లున్న అమ్మోనియా ప్లాంట్ ఆపరేటర్‌కు 2021 నాటికి అరవై దాటాయి. నడుమ ఇంకెక్కడైనా ఎరువుల కంపెనీలో చేరుదామన్నా మీ నిబంధనే అడ్డం. వీఆర్ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నవాడు వేరే ప్రభుత్వ రంగ సంస్థలో చేరాలంటే తీసుకున్న పరిహారం తిరిగి కట్టాలి. ఇల్లు మీద, బిడ్డ పెళ్లి మీద ఖర్చయిపోయిన పైసలు ఎక్కణ్నుంచి తెచ్చి కడతాడు? ఆ మనిషికి తెలిసిన పని ఒక్కటే, ఆ పని దొరికే చోట్లలో ఎక్కువ భాగం సర్కారు కంపెనీలే.

అక్కణ్నుంచి పడమరకు పోతే బోధన్. 1937లో మొదలైన నిజాం షుగర్స్. 2002లో అందులో 51 శాతం వాటా ప్రైవేటు వాళ్లకు పోయింది, 49 శాతం రాష్ట్రం దగ్గర ఉండిపోయింది. 2015 డిసెంబర్‌లో బోధన్, ముత్యంపేట, మంభోజిపల్లి మూడు చోట్లా లే ఆఫ్ నోటీసు అంటించారు. తర్వాత వ్యవహారం కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి ఎక్కింది. దివాలా చట్టం ప్రకారం ఆస్తులు అమ్మితే వచ్చిన సొమ్ములో కార్మికుల బాకీలకు బ్యాంకులతో సమాన వరుస ఇచ్చారు, నిజమే. కానీ ఆ వరుస లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులమ్మి కంపెనీని ముగించడానికి, ముందటి 24 నెలల బాకీలకే. ఫ్యాక్టరీ మూతపడ్డ తేదీకీ, కోర్టు లిక్విడేషన్ ఉత్తర్వు ఇచ్చే తేదీకీ మధ్య ఏళ్లు దొర్లితే ఆ పాత బాకీ ఏ వరుసలో నిలబడాలి? చెరుకు రైతులు గొంతెత్తితే కమిటీలు పడ్డాయి, 2024లోనూ పునరుద్ధరణ కమిటీ వేశారు. కార్మికుడి సంగతి అడిగితే కేంద్రానిది కాదంటారు, పూర్తిగా రాష్ట్రానిదీ కాదంటారు, ప్రైవేటువాళ్లు కోర్టులో ఉంది అంటారు. ఇద్దరు యజమానులున్న చోట జీతం అడగడానికి ఒక్కడూ దొరకలేదు.

చివరిది బీఎస్ఎన్ఎల్. 2019 నవంబర్ 4 నుంచి డిసెంబర్ 3 దాకా స్కీం తెరిచారు. 50 ఏళ్లు నిండినవాళ్లు అర్హులు. దేశం మొత్తం మీద 78,569 మంది సంతకం పెట్టి 2020 జనవరి 31న బయటికొచ్చారు. మా వాడకట్టులోనూ ఉన్నారు. వాళ్ల సంగతి మిగతావాళ్లకంటే నయం. టెలికాం శాఖ నుంచి వచ్చినవాళ్లకు సర్కారు పింఛన్ ఉంది, నెల మొదట్లో ఫోనుకు మెసేజ్ వస్తుంది. వాళ్లకు ఎక్కువ ఇచ్చారని నేనెప్పుడూ అనను. అలా ఇవ్వడం సాధ్యమేనని వాళ్లను చూస్తే తెలుస్తోంది కదా, మిగతావాళ్లకు ఎందుకు కాలేదన్నదే నా ప్రశ్న.

ఇక లెక్కలోకి వస్తాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే.

2000 మే 5 నాటి మీ విభాగం మెమోలో నష్టాల్లో ఉన్న సంస్థలకు గుజరాత్ పద్ధతి అని ఒకటి పెట్టారు. పూర్తయిన ప్రతి ఏడాది సర్వీసుకు 35 రోజుల జీతం. రిటైర్మెంట్‌కు మిగిలిన ప్రతి ఏడాదికి 25 రోజుల జీతం. జీతం అంటే బేసిక్, డీఏ మాత్రమే. ఇంటి అద్దె భత్యం, షిఫ్టు అలవెన్సు, ఓటీ ఇవేవీ లెక్కలోకి రావు. మొత్తం కలిపి, మిగిలిన సర్వీసుకు వచ్చే జీతాన్ని దాటకూడదు.

2002లో బేసిక్, డీఏ కలిపి నెలకు 6,000 ఉన్న ఒక ఫిట్టర్‌ను తీసుకోండి. ఇరవై ఏళ్ల సర్వీసు అయింది, పన్నెండేళ్లు మిగిలింది. 35 ఇంటూ 20 అంటే 700 రోజులు. 25 ఇంటూ 12 అంటే 300 రోజులు. మొత్తం 1,000 రోజులు. నెలకు 30 రోజులుగా లెక్కేస్తే 33 నెలల పైచిలుకు, చేతికొచ్చేది 2,00,000 రూపాయలు. అతను పోగొట్టుకున్నది 144 నెలల కొలువు. ఆ రెండు లక్షలను బ్యాంకులో వేసి 8 శాతం వడ్డీ వచ్చిందనుకున్నా నెలకు 1,333 రూపాయలు. రెండు లక్షలు ఒకేసారి చూసినప్పుడు పెద్ద మొత్తంగానే కనబడింది, కాదనను. కౌంటర్ దగ్గర చెక్కు అందుకుని నవ్వుకుంటూ పోయినవాళ్లు కూడా ఉన్నారు. అంతకుముందు నెలల తరబడి జీతం లేకపోతే ఏ చెక్కయినా పెద్దదిగానే కనబడుతుంది.

సంతకం పెట్టనంటే ఏమవుతుంది? అప్పుడు పారిశ్రామిక వివాదాల చట్టం లెక్క. ఏడాదికి 15 రోజుల చొప్పున 20 ఏళ్లకు 300 రోజులు. పది నెలల జీతం, 60,000 రూపాయలు. తాళం పడ్డ ఫ్యాక్టరీ ముందు నిలబెట్టి రెండు లక్షలా, అరవై వేలా అని అడిగితే ఎవడైనా ఏది ఎంచుకుంటాడు? మా వర్క్‌షాపులో ఒక వెల్డర్ ఫారం నింపుతూ అన్నాడు: "ఇష్టమైతెనే పెట్టుమంటున్నరు గదా సారూ, మరి ఇష్టం లేనోని కాలం యాడుందో సూపియ్యుండ్రి." ఆ ఫారంలో అలాంటి గడి లేదు. నేను చూపించలేకపోయాను.

అదే మెమోలో ఇంకో సంగతుంది. ఆర్థికంగా బాగున్న సంస్థ అయితే ఏడాదికి 60 రోజుల జీతం దాకా ఇచ్చుకోవచ్చు. అదే ఫిట్టర్ అలాంటి సంస్థలో ఉండి ఉంటే 1,200 రోజులు, 2,40,000. నష్టం ఎందుకొచ్చింది? టెక్నాలజీ ఎంపిక ఫిట్టర్ చేయలేదు. కరెంటు కోతలు ఫిట్టర్ పెట్టలేదు. యూరియా ధర ఫిట్టర్ నిర్ణయించలేదు, మిల్లుకు కొత్త మగ్గాలు కొనకుండా ఆపిందీ అతను కాదు. యాజమాన్యం సరిగా నడిపిన చోట కార్మికుడికి ఎక్కువ, నడపలేని చోట తక్కువ అన్న సూత్రం ఏ న్యాయంలోంచి వచ్చిందో నాకు ఈ వయసులో కూడా అర్థం కాలేదు. కంపెనీ పచ్చగా ఉన్న చోట బయటికొచ్చేవాడికి పక్కన ఇంకో దారి దొరుకుతుంది. ఊరికి ఊరే ఆ ఫ్యాక్టరీ మీద బతికిన చోట మూత పడితే టీ కొట్టు కూడా మిగలదు. ఎక్కువ అవసరం ఎవరికి?

అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. రోగిష్టి సంస్థల్లో వేతన సవరణ ఆపేశారు. 1992, 1997 సవరణలు ఎరువుల కార్పొరేషన్ల ఉద్యోగులకు అందలేదు. పదేళ్ల కిందటి స్కేలు మీద బేసిక్ గడ్డకట్టి ఉంది. ఆ బేసిక్ మీద 35, 25 వేశారు. సవరణ జరిగి మా ఫిట్టర్ జీతం 6,000 బదులు 10,000 అయి ఉంటే, అదే 1,000 రోజులకు 3,33,000 పైగా వచ్చేది. అంటే సర్వీసులో ఉన్నన్ని రోజులు తక్కువ జీతం తీసుకుని ఒకసారి నష్టపోయాడు. ఆ తక్కువ జీతాన్నే పరిహారానికి ఆధారం చేసి ఇంకోసారి ముంచారు. గ్రాట్యుటీ కూడా దాని మీదే, సెలవుల నగదు కూడా దాని మీదే.

ఉద్యోగులు కోర్టుకు పోయారు. ఫెర్టిలైజర్ కార్పొరేషన్, హిందుస్థాన్ ఫెర్టిలైజర్ కార్పొరేషన్ వాళ్ల కేసులో 2003లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. సంస్థ దగ్గర డబ్బు లేనప్పుడు వేతన సవరణను హక్కుగా అడగలేరని, వీఆర్ఎస్ తీసుకున్నాక యాజమాన్యంతో సంబంధం పూర్తిగా తెగిపోతుందని, తర్వాత పాత లెక్కలు తిరగదోడడం కుదరదని చెప్పింది. తీర్పును నేను తప్పుపట్టను. చట్టంలో లేనిదాన్ని కోర్టు పుట్టించలేదు. కాబట్టి లోటు చట్టంలోనే ఉందని మీరు ఒప్పుకోవాలి.

ఒకరకంగా మీరే ఒప్పుకున్నారు కూడా. 2016 జూన్‌లో నష్టాల సంస్థల మూసివేతకు మీ విభాగం ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఆ సంస్థ ఏ పాత స్కేలులో ఉన్నా సరే, 2007 స్కేలు నోషనల్‌గా, అంటే అమలైనట్టు కాగితం మీద లెక్కేసి, దాని మీద వీఆర్ఎస్ కట్టాలని రాశారు. మంచి మాట. కానీ ఇది కేంద్ర సంస్థలకే. రాష్ట్ర కార్పొరేషన్లకు, సహకార మిల్లులకు, బోధన్ లాంటి ఉమ్మడి కంపెనీలకు వర్తించదు. పైగా అది మార్గదర్శకం. మార్గదర్శకాన్ని ఇంకో మార్గదర్శకం మార్చేస్తుంది, కార్మికుడికి అడిగే నోరుండదు.

మా సెక్షన్‌లో తయారైన సెటిల్‌మెంట్ కాగితం ఒకటి మీ ముందు పెడతాను. పొడుగాటి షీటు, నడుమ గీత. ఎడమ పక్క రావలసినవి: ఎక్స్‌గ్రేషియా, గ్రాట్యుటీ, మిగిలిన సెలవులు. కుడి పక్క కోతలు: సొసైటీ అప్పు, పండుగ అడ్వాన్సు, క్వార్టర్ కరెంటు, నీళ్ల చార్జి, స్టోర్స్‌లో తీసుకుని తిరిగివ్వని సామాను. ఒక సీనియర్ మెకానిక్‌కు ఎప్పుడో ఇష్యూ అయిన పైప్ రెంచి రికార్డులో ఆయన పేరు మీదే ఉండిపోయింది. రెంచి షాపులోనే ఎక్కడో ఉంది, షాపుకు తాళం ఉంది. ఆయనకు నో డ్యూస్, అంటే బాకీలేమీ లేవనే కాగితం, ఇవ్వడానికి ఆ రెంచి ధర కోసుకున్నాం. రాసింది నా చేతి రాతే.

కుడి పక్క అన్నిటికంటే పెద్ద అంకె క్వార్టర్‌ది. గడువులోగా ఖాళీ చేయకపోతే మామూలు అద్దె పోయి జరిమానా అద్దె పడుతుంది. క్వార్టర్ తాళం ఇస్తే తప్ప ఫైనల్ చెక్కు ఇవ్వరు. చెక్కు వస్తే తప్ప బయట ఇల్లు అద్దెకు దొరకదు, అడ్వాన్సు కట్టాలి కదా. పిల్లల పరీక్షలు మార్చిలో. కొందరు తెలివిగా ఊరికి పోయారు. కొందరు చదువుల కోసం ఆగారు. ఆగినవాళ్లకు నెలనెలా కుడి పక్క అంకె పెరిగింది. హెడ్డాఫీసు నుంచి నిధులు రావడం ఆలస్యమైన రోజులకు మాత్రం ఎడమ పక్క ఒక్క రూపాయి వడ్డీ కలవలేదు. కార్మికుడు ఆలస్యం చేస్తే జరిమానా, సర్కారు ఆలస్యం చేస్తే ఏమీ లేదు. షీటులో ఆ నడి గీత గీసిన చేతికి సిగ్గనిపించాలి. గీసింది నేను కాదు, ప్రొఫార్మా పైనుంచే వచ్చింది.

పన్ను సంగతి రెండు ముక్కల్లో చెప్పి వదిలేస్తాను. వీఆర్ఎస్ సొమ్ముకు ఆదాయపు పన్ను మినహాయింపు 5 లక్షల దాకా. రెండు దశాబ్దాలు దాటినా అది 5 లక్షలే. సెలవుల నగదు మీద మినహాయింపును 2023లో 3 లక్షల నుంచి ఏకంగా 25 లక్షలకు పెంచారు. గ్రాట్యుటీ పరిమితిని 2018లో 10 నుంచి 20 లక్షలు చేశారు. నిండా సర్వీసు చేసి దండలేయించుకుని దిగేవాడికి ఉపయోగపడేవన్నీ పెరిగాయి. నడిదారిలో దింపేసినవాడిది మాత్రం కదల్లేదు. పింఛన్ కూడా అంతే. 45 ఏళ్లకు పని పోతే పీఎఫ్ పింఛన్ పూర్తిగా రావడానికి 58 దాకా ఆగాలి. ముందే కావాలంటే 50 నిండాలి, తక్కువైన ప్రతి ఏడాదికీ 4 శాతం కోత. అంతా అయ్యాక కనీస పింఛన్ 2014లో పెట్టిన 1,000 రూపాయలు. మా వాళ్లలో చాలామంది ఆ వెయ్యికి అటూఇటూ ఉన్నవాళ్లే.

ఇప్పటిదాకా చెప్పింది పర్మనెంటు వాళ్ల కథ. కాంట్రాక్టు కార్మికుడికి ఎడమ పక్క కాలమే లేదు.

మా పక్క వీధిలో ఒకాయన ఉన్నాడు. ఒక ప్రభుత్వ రంగ సంస్థలో పద్దెనిమిదేళ్లు అదే కన్వేయర్ దగ్గర పనిచేశాడు. ఆ పద్దెనిమిదేళ్లలో కాంట్రాక్టర్లు మారారు, మనిషి మారలేదు, పని మారలేదు, సూపర్‌వైజర్ కూడా చాలాకాలం ఒక్కడే. టెండర్ మారినప్పుడల్లా పాత గేట్ పాస్ తీసుకుని కొత్తది ఇచ్చేవాళ్లు. దాని మీద చేరిన తేదీ మళ్లీ కొత్తగా పడేది. ఇంట్లో ఆ పాస్‌ల ఫొటో కాపీలన్నీ ఒక పాలిథిన్ కవర్లో పెట్టి ఉంచాడు. ఈమధ్య పని తగ్గించారు, పొమ్మన్నారు. సర్వీసు ఎంత అని అడిగితే, కొత్త కాంట్రాక్టర్ కింద చేరి ఏడాది కూడా నిండలేదని జవాబు. 2025 నవంబర్ దాకా నడిచిన కాంట్రాక్ట్ లేబర్ చట్టం 1970 ప్రకారం కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు యజమాని కట్టాల్సి ఉండేది. జీతం వరకే ఆ పూచీ. తొలగింపు పరిహారం ఎవరు కట్టాలన్న దగ్గర అందరూ పక్కవాడి మొహం చూస్తారు. "నాకు పరిహారమద్దు పటేలా, పద్దెనిమిదేండ్లు చేసిన్నని ఒక కాయితం మీద రాసియ్యుమను" అన్నాడు నాతో. ఆ కాగితం ఇచ్చే అధికారి కూడా లేడు.

సింగరేణి ముచ్చట లేకుండా మా దిక్కు కొలువుల గురించి రాయడం కుదరదు. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల. తగ్గిన ప్రతి కొలువు వెనక డబ్బిచ్చి ముందే పంపేసే గోల్డెన్ హ్యాండ్‌షేకో, భర్తీ కాని ఖాళీయో, మెడికల్ అన్‌ఫిటో ఉంది. అక్కడ కార్మికులు ఎప్పుడూ డబ్బు కంటే కొడుకుకు కొలువు అడిగారు. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. తర్వాత కారుణ్య నియామకాల రూపంలో, మెడికల్ బోర్డు దారిలో అది నడుస్తోంది. కొడుకుకే ఎందుకు, బయటి నిరుద్యోగికి ఎందుకు కాదు అనే ప్రశ్న సరైనదే, నేనూ కాదనను. కానీ గని కార్మికుడు అలా ఎందుకు అడుగుతాడో ఒక్కసారి ఆలోచించండి. ఏ మెమో ప్రకారం లెక్కేసినా చేతికొచ్చే మొత్తం జీతానికి బదులు కాదని అతనికి తెలుసు. పరిహారం మీద నమ్మకం లేని చోట జనం కొలువునే పరిహారంగా అడుగుతారు.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న సంగతి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాయి. పారిశ్రామిక సంబంధాల కోడ్ మీద కార్మిక సంఘాలకున్న కోపం నాకు తెలుసు, అందులో చాలావరకు నాదీ. మూసివేతకు, తొలగింపుకు ముందస్తు అనుమతి తీసుకోవలసిన పరిమితిని 100 మంది నుంచి 300కు పెంచారు. 299 మంది ఉన్న ఫ్యాక్టరీలో మనుషులకు కడుపు లేదనుకున్నారో ఏమో. నెలకు 18,000 దాటిన సూపర్‌వైజర్‌ను కార్మికుడి నిర్వచనంలోంచే తీసేశారు. నేటి ప్రభుత్వ రంగ జీతాల్లో ఆ గీతకు లోపల మిగిలే సూపర్‌వైజర్ ఎవరు? ఇవి వేరే ఉత్తరానికి సరిపడా ఉన్నాయి.

అదే కోడ్‌లో తొలగింపు పరిహారం దగ్గర ఒక చిన్న వెసులుబాటు ఉంది. ఏడాదికి 15 రోజుల సగటు జీతం, లేదా సంబంధిత ప్రభుత్వం నోటిఫై చేసినన్ని రోజుల జీతం. ఈ రెండో ముక్క చదివాకే నేను పెన్ను తీశాను. పాత చట్టంలో 15 తెల్లారినా 15, పొద్దుగూకినా 15. ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు కేంద్రం, రాష్ట్ర సంస్థలకు రాష్ట్రం, ఒక నోటిఫికేషన్‌తో ఆ అంకెను మార్చొచ్చు. దాన్ని 45 చేయండి. బాగున్న సంస్థల్లో 60 దాకా ఇవ్వొచ్చని మీరే రాసిన 2000 నాటి మెమో ముందు పెట్టుకుని చూస్తే 45 అత్యాశ కాదు. కింది గట్టు అక్కడికి లేస్తే, సంతకం పెట్టనన్నవాడికి కూడా నిలబడే జాగ దొరుకుతుంది. వీఆర్ఎస్ ఇవ్వదలచుకున్న సంస్థ కూడా దాని కంటే పైనే మాట్లాడవలసి వస్తుంది.

రాష్ట్రం వారికి ఒక మాట. కేంద్రం నిధులివ్వదు, మెమో మాది కాదు అనే జవాబు ఇక్కడ చెల్లదు. రాష్ట్ర కార్పొరేషన్ల విషయంలో సంబంధిత ప్రభుత్వం మీరే. ఆర్డర్ మీ శాఖ నుంచే రావాలి.

జీతం అంటే ఏ జీతమన్నదీ ఆ నోటిఫికేషన్ వెంటే తేల్చండి. సవరణ ఆగిన సంస్థల్లో అప్పటికి అమలులో ఉన్న తాజా స్కేలును నోషనల్‌గా వేసి, దాని మీదే పరిహారం, దాని మీదే గ్రాట్యుటీ కట్టాలి. 2016లో ఒప్పుకున్న సూత్రమే ఇది, కొత్తది కాదు. తొలగించిన తేదీ నుంచి సొమ్ము ఖాతాలో పడే తేదీ దాకా వడ్డీ కలపాలి. ఫైనల్ చెక్కు చేతికొచ్చి మూడు నెలలు దాటేవరకు క్వార్టర్ మీద జరిమానా అద్దె వేయకూడదు. ఒకే ప్రాంగణంలో ఒకే పని చేసిన కాంట్రాక్టు కార్మికుడి సర్వీసును కాంట్రాక్టర్లు మారినా కలిపి లెక్కించి, పరిహారం పూచీ అసలు యజమాని మీద పెట్టాలి. దీనికి రికార్డు లేదనొద్దు. ప్రతి గేటు దగ్గరా సెక్యూరిటీ వాళ్ల దగ్గర పాస్ రిజిస్టర్ ఉంటుంది, పీఎఫ్ వాళ్ల దగ్గర ఒక్కో కార్మికుడి యూఏఎన్ నంబరు ఉంటుంది. ఏ నెలలో ఏ ప్రాంగణం నుంచి చందా పడిందో కంప్యూటర్ చెబుతుంది.

డబ్బెక్కడిదని మీరు అడుగుతారు. 2022 మార్చిలో ప్రభుత్వ రంగ సంస్థల ఖాళీ భూములను అమ్మి సొమ్ము చేయడానికి నేషనల్ ల్యాండ్ మానెటైజేషన్ కార్పొరేషన్‌కు కేబినెట్ ఆమోదం ఇచ్చారు. 5,000 కోట్ల అధీకృత మూలధనం. భూమి కోసం ఒక కార్పొరేషన్ పెట్టగలిగారు. ఆ భూమి మీద పనిచేసినవాళ్ల బాకీని ఆ అమ్మకం సొమ్ములో మొదటి పద్దుగా రాయడం కష్టమేమీ కాదు. ఆజంజాహీ జాగలో ప్లాట్లు కొన్నవాళ్ల మీద నాకు అసూయ లేదు. ఆ రిజిస్ట్రేషన్లకంటే ముందు మిల్లు కార్మికుడి ఇంటి జాగ రిజిస్టర్ అయి ఉండాల్సింది, అంతే.

కోడ్‌లో కొత్త పని నేర్చుకోవడానికని రీస్కిల్లింగ్ ఫండ్ అని ఇంకోటి ఉంది. తొలగించిన ప్రతి కార్మికుడి పేరు మీద యజమాని 15 రోజుల జీతం జమ చేయాలి, 45 రోజుల్లో అది కార్మికుడి ఖాతాలో పడాలి. పదిహేను రోజుల జీతంతో యాభై ఏళ్ల మనిషి ఏ కొత్త విద్య నేర్చుకుంటాడో నాకు తెలియదు. 1992లో నేషనల్ రెన్యువల్ ఫండ్ పెట్టినప్పుడూ శిక్షణ, కొత్త ఉపాధి అన్నారు. ఆ డబ్బులో సింహభాగం వీఆర్ఎస్ చెల్లింపులకే పోయింది. అందుకే ఫండ్ వేరుగా ఉండనివ్వండి, కానీ దాన్ని చూపించి పరిహారం తగ్గించొద్దు.

ఒక చివరి విన్నపం, పైసా ఖర్చు లేనిది. రేపు ఏ సంస్థలో స్కీం తెచ్చినా, ఫారం ఇంగ్లీషులో ఇచ్చి గడువు పెట్టి సంతకం చేయమనకండి. ముందు ప్రతి మనిషికీ తన పేరుతో, తన బేసిక్‌తో, ఎడమ పక్కా కుడి పక్కా అంకెలన్నీ నింపిన షీటు తెలుగులో చేతికివ్వండి. సంతకం పెడితే ఎంత, పెట్టకపోతే ఎంత అన్నది పక్కపక్కనే ఉండాలి. ఇంటికి తీసుకుపోయి భార్యాపిల్లలతో మాట్లాడుకోవడానికి 30 రోజులు ఇవ్వండి. షీటు తయారు చేయడం ఏమంత కష్టం కాదు. మా సెక్షన్‌లో నలుగురం గుమస్తాలం, కాలిక్యులేటర్లతో, రాత్రిపూట కూర్చుని చేశాం. ఇప్పుడు మీ దగ్గర కంప్యూటర్లున్నాయి.

ఈ ఉత్తరం నకలు వరంగల్, పెద్దపల్లి, నిజామాబాద్ ఎంపీల కార్యాలయాలకు కూడా పంపుతున్నాను. ఏడాదికి 45 రోజుల జీతం అన్న నోటిఫికేషన్ మీద మీ రెండు శాఖల అభిప్రాయం, అవుననో కాదనో, రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక మాజీ ప్రభుత్వ రంగ ఉద్యోగి
హనుమకొండ